సంఘం ముద్ర పడిన నవల

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు నాలుగు రోజులు ఉండి వెళదామని వచ్చి, వచ్చిన దగ్గరనుంచీ వీధి అరుగు మీద మడతకుర్చీలో ముడుచుకుని, పిలిస్తే పలక్కుండా ఫోనులో ఏదో చదువుకుంటూ కూర్చుంటే, అంతగా ఒళ్ళు మరిచిపోయే చదువు ఏమిటని అడిగాను. రాణీగారి కాలం నాటి లండన్ అట, ఆవిరితో నడిచే యంత్రాలట, ఆకాశంలో ఓడలట, రక్తం తాగేవాళ్ళట, వాళ్ళందరి మధ్యలో ఒక ప్రేమకథట. ఈ రకం నవలలకి స్టీమ్‌పంక్ అని పేరు కూడా ఉందట. "ఇలాంటివి నీకు పడవులే అత్తా, నువ్వు ప్రార్థన చేసుకో" అంది తల ఎత్తకుండానే.

నవ్వొచ్చింది. పేరు తెలియదు గాని ఆ సరుకు నేను పాతికేళ్ళ కిందటే చదివాను. చదవడమే కాదు, మా సంఘంలో నలభై మంది ఆడవాళ్ళకి వారం వారం చెప్పాను, అదీ పెద్దలు ముద్ర వేసిన పుస్తకంలోంచి. ఆ సంగతి దానికి చెప్పబోయి, ఆగి, హాల్లో గోడ గడియారం వైపు చూశాను. ఐదూ నలభై దగ్గర అది ఎప్పటిలాగే ఆగి ఉంది. దానికి నేను కీ ఇవ్వను.

మా ఊరు రాజోలుకీ సఖినేటిపల్లికీ మధ్య, కాలవ గట్టు మీద. ఇంటిల్లిపాదీ విశ్వాసులం. నేను అక్షరాలు దిద్దుకున్నది కీర్తనల మీద, పెద్ద గొంతుతో చదవడం నేర్చుకున్నది ఆదివారపు కూడికలో. ఇంగ్లీషు కాస్త బాగా వచ్చినందుకు పక్క ఊరి బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు, పెళ్ళి కాలేదు. మా ఇంటికి ఆనుకుని ఉన్న వాటాలో బాబాయిగారూ పిన్నీ ఉండేవారు. పిల్లలు లేరు. నన్ను పెంచింది అమ్మ ఎంతో పిన్నీ అంతే. నాకు జడలు వేసింది, టైఫాయిడ్ వస్తే ఇరవై ఒక్క రోజులు పక్కన కూర్చున్నది పిన్నే.

బాబాయిగారికి రాజోలు సెంటర్లో గడియారాల రిపేరు కొట్టు ఉండేది. చిన్న చిన్న పనిముట్లన్నీ ఒక తోలు సంచిలో వేసుకుని భుజాన తగిలించుకునేవారు. సాయంకాలం బస్సు దిగి గట్టు మీద నడిచి వస్తుంటే ఆ సంచి గలగలమనేది. ఆ చప్పుడు విని పిన్ని పొయ్యి మీద పాలు పెట్టేది. ఇంట్లో గోడ గడియారానికి ఆదివారం పొద్దున్న, కూడికకి బయల్దేరే ముందు, ఆయనే కీ ఇచ్చేవారు. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

తొంభై ఆరు తుఫాను నా వయసు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఉప్పలగుప్తం అవతల, సముద్రం దగ్గరి ఊళ్ళో ప్రార్థన మందిరం గడియారం ఆగిపోయిందని కబురొస్తే, బాబాయిగారు దానికి ముందు రోజే అక్కడికి వెళ్ళారు. నీళ్ళు తీశాక మా నాన్నగారూ సంఘం వాళ్ళూ రోజుల తరబడి వెతికారు. తోలు సంచి ఒక మడుగులో దొరికింది. ఆయన దొరకలేదు. సంచిని ఎండబెట్టి పిన్ని దాన్ని వాళ్ళ వాటాలో మేకుకి తగిలించింది. మాలో ఎవరైనా పోతే భూస్థాపన అయ్యాక ఆదరణ కూడిక పెట్టి, పోయినవాళ్ళని ప్రభువుకి అప్పగించి, మిగిలినవాళ్ళకి ధైర్యం చెబుతారు. పిన్ని ఒప్పుకోలేదు. చూడకుండా ఎలా అప్పగించేది అనేది. గోడ గడియారం కీ అయిపోయి ఆగింది. దాన్నీ ఆమె అలాగే ఉంచేసింది.

పిన్ని అలా రెండేళ్ళు గడిపాక, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక సంఘం వాళ్ళు చదివేసిన పుస్తకాలు చెక్కపెట్టెలో వేసి మాకు పంపించారు. వ్యాఖ్యానాలు, పాటల పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు కలగలిపి ఉండేవి. మా సంఘంలో ఏ పుస్తకమైనా బీరువాలోకి వెళ్ళాలంటే ముందు 'సంఘములో చదువదగినది' అని ఊదారంగు ముద్ర పడాలి. ముద్ర మా పెద్దనాన్నగారి దగ్గర ఉండేది. ఆయన సంఘ పెద్ద. వాక్యమంతా నోటికి వచ్చు గాని ఇంగ్లీషు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్సిందే. అందుకని ఎప్పుడూ నేను పేరు చదివి, లోపల ఏముందో రెండు ముక్కల్లో చెబితే ఆయన ముద్ర వేసేవారు. ఆ రోజు నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చాను. అప్పటికే ఆయన ఒక లావాటి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు.

అట్ట మీద మబ్బుల్లో ఒక ఇత్తడి ఆకారం. రెక్కలున్నాయి. చక్రాలున్నాయి, చక్రాల లోపల మళ్ళీ చక్రాలున్నాయి, వాటి అంచుల చుట్టూ గుండ్రని అద్దాలు కళ్ళలా మెరుస్తున్నాయి. కింద నిండు చేతుల గౌను వేసుకుని, ముసుగు కప్పుకున్న ఒక స్త్రీ మోకాళ్ళ మీద ఉంది. బైబిల్లో, చెరలో ఉన్న రోజుల్లో నది ఒడ్డున ప్రవక్త చూసిన ఇలాంటి చక్రాల దర్శనం మా పెద్దనాన్నగారికి ప్రాణం. ఏటా దాని మీద మూడు వారాలు చెప్పేవారు. "చూసేవా అమ్మాయ్, ఎంత భక్తిగా వేసేరో! నేను కళ్ళు మూసుకుంటే అచ్చం ఇలాగే కనిపిస్తాదండీ బాబూ" అన్నారు. అప్పటికే మొదటి పేజీ మీదా పదిహేనో పేజీ మీదా ముద్ర పడిపోయింది. గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో వారానికొక అధ్యాయం తెలుగులో చెప్పమన్నారు.

ఆ సాయంకాలమే చదివి, ఇది ఫలానా అని చెప్పేద్దామనుకున్నాను. చదివాను. చెప్పలేదు. విశ్వాసిగా పెరిగినదాన్ని కనక ఇప్పుడు దాచుకోకుండా ఒప్పుకోవాలి: ఆ పుస్తకం నాకు నచ్చింది. నచ్చడమంటే అన్నం తింటున్నా, పిల్లలకి డిక్టేషన్ చెబుతున్నా దాని మీదే ధ్యాస. పెద్ద వ్యాఖ్యాన గ్రంథం తెరిచి, దాని నడుమ పెట్టుకుని చదివేదాన్ని. మంచు కప్పిన ఆ మహానగరంలో ఆవిరి బళ్ళు బుసలు కొడుతూ తిరుగుతాయి. గ్యాసు దీపాల కింద నీడ పడని మనుషులు టోపీలు ఎత్తి పలకరించి, రక్తం వాసన పసిగట్టి వెనకాలే వస్తారు. అందులో ఒక గడియారాల అతని భార్య. వంతెన కూలి అతను చనిపోతే, ఒక పండితుడు అతని రొమ్ములో ఇత్తడి గుండె పెట్టి లేపుతాడు. ప్రతి పొద్దున్నా మంచు విడిపోయేలోగా ఆవిడ ఆ గుండెకి కీ ఇవ్వాలి. కీ తిప్పినప్పుడల్లా ఆవిడ జ్ఞాపకాల్లో ఒకటి ఆ గుండెలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అయినా తిప్పుతుంది. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ ఘట్టాలు కూడికలో చెప్పేవి కావు. అవి వదిలేసి చెప్పాను. నా మట్టుకు నేను రెండేసి సార్లు చదువుకున్నాను.

ఆ రోజుల్లో మా వైపు గ్యాసు బావుల మంట కొత్త. కొబ్బరి తోటల వెనకాల పగలూ రాత్రీ మండుతూ ఉండేది. శీతాకాలం తెల్లవారుజామున మంచు కమ్మితే ఆ మంచంతా ఎర్రగా అయ్యేది, దానిలోంచి సన్నగా బుస వినిపిస్తూ ఉండేది, కోళ్ళు వేళ తెలియక ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. పుస్తకం మూసి కిటికీ తీస్తే బయట కూడా అదే నగరం. ఏ చెట్టు నీడ ఎటు పడుతోందో తెలిసేది కాదు. ప్రార్థన చేసుకుని మళ్ళీ పుస్తకం తెరిచేదాన్ని.

గురువారం కూడికలో రక్తం తాగేవాళ్ళని దురాత్మలని మార్చాను, పండితుణ్ణి వైద్యుడన్నాను, కథంతా ఉపమానంలా వినండని ముందే చెప్పాను. ఇత్తడి గుండెనీ కీనీ మాత్రం ఎలా మార్చాలో తెలియలేదు. పన్నెండు మంది వచ్చేచోట నాలుగో వారానికి నలభై మంది అయ్యారు. తాటాకు చాపలు చాలక మందిరం బయట అరుగు మీద కూర్చునేవారు. రొయ్యల చెరువుల్లో పనికి వెళ్ళే ఒక సహోదరి కథ మధ్యలోనే అడిగేసేది: "ఆయ్, బానే ఉందండి గాని, పొద్దున్నే లేచి మొగుడికి కీ ఇచ్చి, మళ్ళీ పొయ్యి కూడా ఆవిడే రాజెయ్యాలాండీ?" అందరూ నవ్వేవారు. పెద్దనాన్నగారు దూరం నుంచి ఆ సందడి చూసి, ప్రవక్త దర్శనం ఆడవాళ్ళని ఇంతగా కదిలిస్తోందని పొంగిపోయేవారు.

పిన్ని వెనక వరసలో, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. నవ్వేది కాదు. ఒకే ఒక్కసారి నోరు విప్పి అడిగింది. "కీ ఏ చేత్తో తిప్పుద్దే?" అని. పుస్తకంలో ఆ మాట లేదు. నోటికి వచ్చినట్టు ఎడమ చేత్తో పిన్నీ అనేశాను.

మర్నాడు తెల్లవారుజామున మా ఇంటికీ వాళ్ళ వాటాకీ మధ్యనున్న గోడ అవతల నుంచి గడియారం టిక్కు టిక్కుమనడం వినిపించింది. రెండేళ్ళుగా లేని చప్పుడు. లేచి కూర్చుని చాలాసేపు విన్నాను. మొదట సంతోషించాను కూడా, పిన్ని మనసు కుదుటపడుతోందని. తరవాత తరవాత గమనించాను: ఆదివారం కాదు, రోజూ ఇస్తోంది. ఎడమ చేత్తో ఇస్తోంది. కీ ఇచ్చాక దాన్ని పిడికిట్లో పట్టుకుని, గట్టు మీద బస్సు ఆగే చోటికి వెళ్ళి, మంచు విడిపోయేదాకా నిలబడి వస్తోంది. మధ్యాహ్నం రెండు కంచాలు పెడుతోంది. వయసు మీదపడుతోందిలే అని మా అమ్మ సర్దిచెప్పింది.

అప్పటినుంచీ పిన్నికి ఒక్కొక్కటీ గుర్తుండటం మానేశాయి. పుట్టింటి వీధి పేరు అడిగితే తడుముకునేది. తన పెళ్ళినాటి పాట మా అమ్మ అందుకుంటే, బావుందే, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఒకరోజు గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, పండగపూట కొత్త చీర సంగతి చెప్పినంత తేలిగ్గా అంది: "ఇవాళ మా అమ్మ మొహం ఇచ్చేసేనే. ఆయన్ని కాలవ దాకా తెచ్చుకున్నాను."

దేవుడు పంపిన మాట అనుకుని ఆమె పట్టుకున్నది నేను చెప్పిన నవల. ఆపకపోతే పిన్ని ఏమీ మిగలకుండా అయిపోతుంది. ఆపాలంటే పెద్దనాన్నగారి ముద్ర తప్పని నలుగురిలో తేలాలి, తెలిసీ చెప్పనిదాన్ని నేనని తేలాలి. పైగా ఒకే ఒక్క అధ్యాయం మిగిలింది. ఆ నవలలో చివరికి ఆవిడ సంతోషంగా కీ ఇస్తూనే ఉండిపోతుంది. చదివినప్పుడు మురిసిపోయాను కూడా. ఆ ముగింపు గురువారం చెబితే పిన్ని ఇక ఎప్పటికీ ఆపదు.

మంగళవారం సాయంత్రం పుస్తకం తీసుకుని పెద్దనాన్నగారి దగ్గరికి వెళ్ళాను. ఉన్నదంతా చెప్పాను, నేను రెండుసార్లు చదివిన పేజీల సంగతి కూడా. ఆయన చాలాసేపు అట్ట మీద ఉన్న బొమ్మని చేత్తో నిమురుతూ కూర్చున్నారు. ఆఖరికి, "అయితే ఆ రెక్కలదీ, అదేంటమ్మా?" అని అడిగారు. గాలిలో ఎగిరే ఓడ అండి అన్నాను. "ఆయ్... ఓడా" అన్నారు. ఆ ముసలి మొహంలో అంత ఆశ ఒక్కసారిగా వాడిపోవడం అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. పుస్తకం పక్కన పెట్టి అన్నారు: "ముద్ర నాదమ్మా, దానికి నేను జవాబు చెప్పుకుంటాను. కథ నువ్వు ఎత్తుకున్నావు. మీ పిన్ని మీంచి నువ్వే దింపాలి."

మర్నాడు చీకటి విడవకముందే లేచాను. గోడ అవతల కీ తిరిగిన చప్పుడు విని, పిన్ని వెనకాల గట్టు మీదికి వెళ్ళాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కనున్న కాలవ నీళ్ళు కనిపించడంలేదు. ఆ మంచంతా గ్యాసు మంట ఎరుపు. పిన్ని బస్సు ఆగే చోట నిలబడి, ఎడమ చేతిలో ఉన్న కీని గాలిలో మెల్లగా తిప్పుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "మంచివేళకే వచ్చేవు. ఇవాళ చాలా దగ్గరికొచ్చేసేరు. ఒక్కటే ఇవ్వాలి" అంది. ఏమిటి పిన్నీ అన్నాను. నా వైపు చూసి ప్రేమగా నవ్వింది. "నీ చిన్నప్పటి సంగతులేనే. అవే మిగిలినియ్యి."

అప్పుడు వినిపించింది. గట్టు మీద, రాజోలు వైపు నుంచి, గలగలమని. తోలు సంచిలో చిన్న చిన్న పనిముట్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. ఆ సంచి ఇంట్లో మేకుకి ఉంది. పిన్ని వెనకాల బయల్దేరేటప్పుడు, తెరిచి ఉన్న వాళ్ళ తలుపులోంచి నా కళ్ళతో చూశాను. చప్పుడు మెల్లమెల్లగా దగ్గరికి వచ్చి, పది అడుగుల్లో ఆగింది. ఎర్రటి మంచులో అక్కడ కాస్త చిక్కగా, మనిషెత్తున ఏదో ఉంది. చనిపోయినవాళ్ళు తిరిగి వచ్చే దినం ఒక్కటేననీ, అది ఇలా కాలవ గట్టు మీద రాదనీ నేను చిన్నప్పటినుంచీ నేర్చుకున్నదాన్ని. అయినా పిన్ని చీర చెంగు పట్టుకున్నాను. పిన్ని కీ పట్టుకున్న చెయ్యి మళ్ళీ ఎత్తింది.

ఆ చెయ్యి పట్టుకుని చెప్పేశాను. కథ అయిపోయింది పిన్నీ, ఆవిడ ఆఖరికి కీ తిప్పడం మానేసింది. ఎందుకూ అంది పిన్ని, నా వంక చూడకుండా. "ఆయనే వద్దన్నారంట. నేను బతికున్నది నీ జ్ఞాపకంలోనే, నువ్వన్నీ ఇచ్చేస్తే ఇంక నన్ను ఎవరు తలుచుకుంటారు, నేను రెండోసారి కూడా పోవాలా అని అడిగేరంట." ఆ మాటలు ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. ఎక్కడినుంచి వచ్చాయో ఈనాటికీ నాకు తెలియదు. ఇచ్చినవాడు ఎవరో మాత్రం నేను నమ్ముతాను.

పిన్ని ఆ చిక్కటి చోటు వైపే చూస్తూ నిలబడింది. గ్యాసు బుస తప్ప ఏ చప్పుడూ లేదు. తరవాత, పొద్దున్నే కొట్టుకి బయల్దేరే మనిషిని పలకరించినట్టు మామూలు గొంతుతో, "అలాగేనండి. జాగర్తగా వెళ్ళండి" అంది. పిడికిలి విప్పి కీ నా చేతిలో పెట్టింది. అది గోరువెచ్చగా ఉండాలి కదా, పిడికిట్లోది. మంచుగడ్డలా ఉంది. గలగల మళ్ళీ మొదలై, దూరమై, వినపడకుండా పోయింది. కాసేపటికి మొదటి బస్సు వచ్చింది. దాని దీపాల వెలుగులో గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. ఇంటికి వెళ్ళేసరికి, ఆ తెల్లవారే కీ ఇచ్చిన గడియారం ఐదూ నలభైకి ఆగిపోయి ఉంది. సంచి మేకుకే ఉంది. దాని అడుగున తడి ఉందని పిన్ని అంది. నేను ముట్టుకు చూడలేదు.

ఆ గురువారం కథ లేదు. బాబాయిగారి ఆదరణ కూడిక జరిగింది. వాక్యం చెప్పాక పెద్దనాన్నగారు ఆ పుస్తకాన్ని అందరికీ చూపించి, ముద్ర పొరపాటున వేశానని, తనని క్షమించమని సంఘాన్ని అడిగారు. నన్ను రెండు నెలలు ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, రసం పంచుకునే బల్లకి దూరంగా ఉండమన్నారు, ఆదివారపు బడి పిల్లల్ని ఇంకొకరికి అప్పగించారు. ఆ రెండు నెలలూ ఎవరూ చెప్పకుండానే ఆయన కూడా ముందు కుర్చీలోంచి లేచి వచ్చి, ఆఖరి వరసలో నా పక్కన కూర్చున్నారు. రొట్టె పళ్ళెం మా దగ్గరికి రాకుండా వెనక్కి వెళ్ళేటప్పుడు ఇద్దరం తలలు వంచుకునేవాళ్ళం. రొయ్యల చెరువుల సహోదరి మాత్రం బయటికొచ్చాక నా చెవిలో, "మరి ఆవిడేమైందండీ ఆఖరికి?" అని అడగకుండా ఊరుకోలేదు.

పిన్ని తరవాత ఎనిమిదేళ్ళు బతికింది. రెండు కంచాలు మానేసింది, నవ్వింది, నా పెళ్ళికి అరిసెలు వండింది. ఇచ్చేసినవి మాత్రం తిరిగి రాలేదు. వాళ్ళమ్మగారి ఫోటో పాతది ఒకటి సంపాదించి చూపిస్తే, ఎవరో పెద్దావిడ, మంచి మొహం అంది.

ఇప్పుడు గ్యాసు మంట మా వైపు కనిపించడంలేదు. మంచు కూడా అప్పటంత దిగడం లేదు. ఆ పుస్తకాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి, ముద్ర వేసిన పేజీలతో సహా. మా మేనకోడలు నాలుగు రోజుల్లో అలాంటివి రెండు నవలలు ముగించింది. ముగించి పక్కన పెట్టి టీ తాగింది. కథ మధ్యలో ఏ చేత్తో అని దాన్ని అడిగేవాళ్ళు లేరు, అదీ ఎవరికీ చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. మంచిదే. ఏ పిన్నీ గట్టు మీద నిలబడక్కర్లేదు. అయినా నలభై మంది ఆడవాళ్ళు చాపల మీద ఇరుక్కుని కూర్చుని, ఒక ఇత్తడి గుండె ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టిన ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే, అలా వినేవాళ్ళు ఇంక ఉండరేమో అనిపిస్తుంది.

వెళ్ళేరోజు అది, పిన్ని పోయాక మా హాల్లోకి వచ్చిన ఆ గడియారం ముందు నిలబడి, "కీ ఎక్కడుందత్తా? ఇస్తే నడుస్తుందిగా" అంది. పోయిందే అన్నాను. అబద్ధం. నా కుట్టుపెట్టె అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదని మా బోధ, తలుచుకోకూడదని ఎక్కడా లేదు. అందుకని రోజూ తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక బాబాయిగారిని, పిన్నిని, పిన్ని మరిచిపోయిన వాళ్ళమ్మగారిని, పేరు పేరునా తలుచుకుంటాను. ఒక్కరిని కూడా వదలను. మంచు పట్టిన రోజుల్లో మాత్రం, ఆ పేర్లు పూర్తయ్యేదాకా, ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంటాను.